ప్రోగ్రామ్ ఎవాల్యుయేషన్‌లో సైకాలజిస్టుకు ఏం పని? డొనాల్డ్ కాంప్‌బెల్ దారి గురించి

విశాఖ_అల:
అందరికీ నమస్కారం. ఎం.ఏ. సైకాలజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. క్లాసులో దాదాపు అందరూ కౌన్సెలింగో, క్లినికలో అంటున్నారు. నాకు ఆ రెండూ పడవు. స్టాటిస్టిక్స్ పేపరంటే మాత్రం ఇష్టం (అవును, అలాంటివాళ్లూ ఉంటారు). మా మేడమ్ "ప్రోగ్రామ్ ఎవాల్యుయేషన్ వైపు చూడు, ముందు డొనాల్డ్ కాంప్‌బెల్ ఎవరో తెలుసుకో" అన్నారు. అంటే ఒక పథకం నిజంగా ఫలితం ఇచ్చిందా లేదా అని తేల్చే పనట, ఈయన అమెరికన్ సైకాలజిస్టట. చూశాను. ఆయన రాసినవాటిలో కనెక్టికట్ రాష్ట్రంలో స్పీడుగా బండి నడిపేవాళ్ల మీద ఒక వ్యాసం ఉంది, స్కాలర్‌షిప్పుల మీద ఒకటి ఉంది, జ్ఞానం ఎలా పెరుగుతుందనే ఫిలాసఫీ కూడా ఉంది. ఇన్నిటిలో సైకాలజీ ఎక్కడుంది? ఇదొక కెరీరా, లేక ఒక మేధావి ఇష్టమొచ్చినట్టు తిరిగిన దారా? ఇంట్లో "ఆ చదువుకి ఏం ఉద్యోగం వస్తుందే" అని అడుగుతున్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఊరికే_చదువరి:
"కన్సల్టెంట్" అని చెప్పండి. ఇంకెవరూ ఏమీ అడగరు.

మిడ్‌వెస్ట్_తెలుగు:
అల గారూ, మీ మేడమ్ సరైన పేరే చెప్పారు. కాంప్‌బెల్ పీహెచ్‌డీ చేసే నాటికి ప్రోగ్రామ్ ఎవాల్యుయేషన్ అనే వృత్తే లేదు. అందుకే ఆయన దారి మీకు అలా చెదురుమదురుగా కనిపిస్తోంది.

1916లో మిషిగన్‌లోని గ్రాస్ లేక్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. హైస్కూలు అవగానే కాలేజీలో చేరలేదు, కాలిఫోర్నియాలో ఒక టర్కీ కోళ్ల ఫారంలో పనికి కుదిరాడు. తర్వాత జూనియర్ కాలేజీ, అక్కణ్నుంచి బర్క్లీ. 1939లో డిగ్రీ పూర్తయ్యేసరికి ఆ బ్యాచ్‌లో మొదటి రెండు స్థానాలూ ఆయనవీ, ఆయన చెల్లెలివీ. యుద్ధకాలంలో నేవీలో ఉన్నాడు. 1947లో పీహెచ్‌డీ, సోషల్ సైకాలజీలో. ఒహాయో స్టేట్‌లో కొన్నాళ్లు, షికాగోలో కొన్నాళ్లు, 1953 నుంచి 1979 దాకా నార్త్‌వెస్టర్న్. ఆ తర్వాత సిరక్యూస్, చివరికి లీహై. 1996లో పోయాడు.

అసలు పని నార్త్‌వెస్టర్న్‌లోనే జరిగింది. 1957లో ఒక వ్యాసం రాశాడు. ల్యాబులో కాకుండా బడిలో, ఊళ్లో ప్రయోగం చేసినప్పుడు వచ్చిన మార్పు మన కార్యక్రమం వల్లే వచ్చిందని ఎలా నమ్మాలి, అదే ఫలితం ఇంకోచోట కూడా వస్తుందని ఎలా నమ్మాలి, అని రెండు ప్రశ్నలను విడదీశాడు. ఇంటర్నల్ వ్యాలిడిటీ, ఎక్స్‌టర్నల్ వ్యాలిడిటీ అని మీరు పరీక్షలో రాసేవి అవే. 1963లో జూలియన్ స్టాన్లీతో కలిసి దాన్ని పెంచి ఒక పెద్ద గ్రంథంలో అధ్యాయంగా ఇచ్చాడు. 1966లో అది విడిగా పల్చటి పుస్తకంగా వచ్చింది. నూరు పేజీలు కూడా లేని ఆ పుస్తకమే కొన్ని తరాల పరిశోధకులకు మెథడాలజీ నేర్పింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం పేదరికం మీద యుద్ధం అంటూ పథకాలు మొదలుపెట్టింది. 1965లో హెడ్ స్టార్ట్ (పేద పిల్లలకు బడిలో చేరకముందే ఇచ్చే శిక్షణ), అదే ఏడాది బడులకు కేంద్ర నిధుల చట్టం. డబ్బు ఇస్తున్నాం, ఫలితం ఏదీ అని అడిగేవాళ్లు బయల్దేరారు. దేశం ఆ ప్రశ్న అడిగేసరికి జవాబు వెతికే పద్ధతి ఈయన చేతిలో సిద్ధంగా ఉంది.

లెక్కల_మాస్టారు:
ఆ కనెక్టికట్ సంగతి కాస్త చెప్పండి సార్. స్పీడు కేసులకీ సైకాలజీ ప్రొఫెసర్‌కీ ఏం సంబంధం?

మిడ్‌వెస్ట్_తెలుగు:
మాస్టారూ, అది మీకే బాగా నచ్చుతుంది. 1955లో కనెక్టికట్‌లో రోడ్డు ప్రమాదాల్లో 324 మంది చనిపోయారు. అది చాలా ఎక్కువ. ఆ ఏడాది చివర్లో గవర్నర్ అబ్రహాం రిబికాఫ్ కఠిన చర్యలు ప్రకటించాడు. స్పీడుగా వెళ్తూ పట్టుబడితే మొదటిసారే లైసెన్స్ సస్పెండ్. 1956లో మరణాలు 284. నలభై ప్రాణాలు కాపాడామని గవర్నర్ చెప్పుకున్నాడు.

1968లో కాంప్‌బెల్, లారెన్స్ రాస్ ఆ లెక్కను విప్పి చూశారు. ఆ రెండేళ్లనే కాకుండా ముందూ వెనకా చాలా ఏళ్ల అంకెలు పరిచారు, పక్క రాష్ట్రాల అంకెలు తెచ్చి పక్కన పెట్టారు. ఆ ఏడాది మంచు తక్కువ కురిసిందేమో, కార్లు మెరుగయ్యాయేమో, లెక్కలు రాసే తీరు మారిందేమో అని ఒక్కో అనుమానాన్నీ పరీక్షించారు. అన్నిటికన్నా ముఖ్యమైన అనుమానం ఇది: మరణాలు విపరీతంగా పెరిగిన ఏడాది చూసే కదా చర్య తీసుకున్నారు, ఏమీ చేయకపోయినా మరుసటి ఏడాది తగ్గేవేమో.

లెక్కల_మాస్టారు:
ఇది నాకు ముప్పై ఏళ్ల సర్వీసులో ప్రతి యూనిట్ టెస్టుకీ కనిపించింది. మార్కులు బాగా తగ్గినవాళ్లని ఏరి సాయంత్రం స్పెషల్ క్లాసు పెడతాం. తర్వాతి టెస్టులో సగం మంది పైకి వస్తారు. హెడ్మాస్టరు సంతోషిస్తారు. కానీ ఆ సగంలో కొందరు మొదటి టెస్టు రోజు జ్వరంతో వచ్చినవాళ్లు, కొందరు ఆ చాప్టర్ ఒక్కటే చదవనివాళ్లు. క్లాసు పెట్టకపోయినా వాళ్లు పైకి వచ్చేవాళ్లే. అవతల మొదటి టెస్టులో టాప్ వచ్చినవాడు రెండో దాంట్లో కాస్త తగ్గితే "పొగరెక్కింది" అని తిట్లు. వాడి పొగరుకీ దానికీ సంబంధం లేదు.

ఇంతకీ రిబికాఫ్ గెలిచాడా ఓడాడా?

మిడ్‌వెస్ట్_తెలుగు:
ఆ తగ్గుదలలో ఎక్కువ భాగాన్ని అంత నమ్మకంగా ఆ చర్య ఖాతాలో వేయలేమని తేల్చారు. దానికన్నా ఆసక్తికరమైనవి పక్కన బయటపడ్డాయి. సస్పెండైన లైసెన్సుతోనే బండి నడుపుతూ దొరికేవాళ్లు పెరిగారు. కోర్టుల్లో స్పీడు కేసులు "నేరం రుజువు కాలేదు" అని కొట్టేయడం పెరిగింది. శిక్ష మరీ గట్టిదైతే దాన్ని అమలు చేయాల్సినవాళ్లే మెత్తబడతారు.

అల గారూ, సైకాలజీ ఎక్కడ అన్నారు కదా, మొదటి జవాబు ఇదిగో. పథకం కాగితం మీద ఒకటి, దానికి మనుషులు స్పందించే తీరు ఇంకొకటి. రెండోది, కొలత. 1959లో డొనాల్డ్ ఫిస్కేతో కలిసి ఆయన రాసిన వ్యాసం సైకాలజీలో అన్నిటికన్నా ఎక్కువగా ఉటంకించే వాటిలో ఒకటి. "ఆత్మవిశ్వాసం" అని ఒక స్కేలుతో కొలిచామంటే అది నిజంగా ఆత్మవిశ్వాసమా, లేక ప్రశ్నాపత్రానికి అవును అవును అంటూ పోయే అలవాటా? తేల్చాలంటే అదే గుణాన్ని వేరే పద్ధతుల్లోనూ కొలవాలి, వేరే గుణాలను అదే పద్ధతిలోనూ కొలవాలి. ఎకనామిస్టులు డిజైన్‌లో మనకన్నా ముందుకెళ్లి ఉండొచ్చు, ఈ కొలత విషయంలో ఇప్పటికీ సైకాలజిస్టు అవసరం పడుతుంది.

బేస్‌లైన్_బాధితుడు:
కొలత మాట వచ్చింది కాబట్టి నేనూ దిగుతాను. హైదరాబాద్‌లో ఉంటాను, చదివింది సైకాలజీ, చేస్తున్నది ఇదే పని. పథకానికి ముందు ఒక కొలత (బేస్‌లైన్), తర్వాత ఒక కొలత (ఎండ్‌లైన్), మధ్యలో టెన్షన్.

ఊళ్లోకి మా ఇన్వెస్టిగేటర్లు వెళ్తారు. వెంట పంచాయతీ నుంచి ఒకాయన వస్తాడు, వద్దన్నా వస్తాడు. "అమ్మా, అంగన్‌వాడీలో గుడ్లు సరిగ్గా ఇస్తున్నారా?" "ఇస్తున్నారండీ, అంతా బాగుందండీ." పంచాయతీ ఆయన టీ తాగడానికి వెళ్లగానే అదే ఆమె వేరే కథ చెబుతుంది. స్కేలులో ఐదు గళ్లు ఉంటే జనం చివరి గడి దగ్గరే ఆగుతారు. ఇది తెలియని మనిషి "లబ్ధిదారుల్లో సంతృప్తి అత్యధికం" అని రిపోర్టు రాసేస్తాడు.

కాంప్‌బెల్ బృందం 1966లో దీనిమీదే ఒక పుస్తకం తెచ్చింది. అడగకుండా కొలవడం ఎలా అని. అందులో అందరూ చెప్పుకునే ఉదాహరణ షికాగో సైన్స్ మ్యూజియంలోది. గుడ్లలోంచి కోడిపిల్లలు బయటికొచ్చే ప్రదర్శన దగ్గర నేల టైల్స్ ఆరు వారాలకోసారి మార్చాల్సి వచ్చేది, మిగతా చోట్ల ఏళ్ల తరబడి అలాగే ఉండేవి. జనానికి ఏది నచ్చిందో అరిగిన నేలే చెప్పింది. మేం కూడా అంగన్‌వాడీలో రిజిస్టర్ చూసే ముందు ఎన్ని పలకలు అరిగాయో, వంటపాత్ర అడుగున మసి ఎంత ఉందో చూడమని కుర్రాళ్లకు చెబుతాం.

కాకినాడ_కాజా:
అందరూ అమెరికా అంటున్నారు, మా ఊరి సంగతి ఎవరూ ఎత్తరేం? మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో "కాకినాడ ప్రయోగం" అని ఉంటుంది, చదవలేదా?

హార్వర్డ్ సైకాలజిస్టు డేవిడ్ మెక్‌క్లెలాండ్. ఏదో సాధించాలనే తపన మనిషిలో శిక్షణతో పెంచవచ్చా అని ఆయన ప్రశ్న. 1964లో కాకినాడ వ్యాపారులను బ్యాచులుగా హైదరాబాద్ తీసుకెళ్లి శిక్షణ ఇచ్చారు. అప్పటి సియెట్ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో, అదే ఇప్పుడు యూసఫ్‌గూడలో ఉన్న ఎంఎస్ఎంఈ సంస్థ. ఇంకో ఊరు వెల్లూరు. మన రాజమండ్రిని మాత్రం శిక్షణ లేకుండా పోల్చి చూడ్డానికి ఉంచారు. తర్వాత రెండేళ్లు చూస్తే శిక్షణ పొందినవాళ్లు కొత్త వ్యాపారాలు పెట్టడంలో, పెట్టుబడి పెట్టడంలో, ఎక్కువ గంటలు పనిచేయడంలో మిగతావాళ్లకన్నా ముందున్నారు. 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి పుస్తకం వేశారు. మన సంప్రదాయాలు వ్యాపార చొరవకు అడ్డు అనే వాదానికి అది గట్టి దెబ్బ. ఆ తర్వాత దేశంలో వచ్చిన వ్యాపార శిక్షణ కార్యక్రమాలకు మూలం ఎక్కడంటే మా కాకినాడ.

గోదారి_గట్టు:
అంటే రాజమండ్రిని ఊరికే పక్కన పెట్టారన్నమాట. మాకూ శిక్షణ ఇచ్చి ఉంటే తెలిసేది 😄

కాకినాడ_కాజా:
అవసరం లేదులెండి, మీకు గోదారి ఉంది.

బేస్‌లైన్_బాధితుడు:
కాజా అన్నా, ఊరి మీద అభిమానం సరే. ఫలితాన్ని ఎందుకు అనుమానించాలో చెప్పే కాంప్‌బెల్ జాబితా పట్టుకుని ఆ ప్రయోగాన్ని చూద్దాం. ఎందుకంటే ఈ వృత్తి నేర్పేది అదే.

ఒకటి, అవి మామూలు ఏళ్లు కావు. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం, తర్వాత వరసగా కరువు. రాజమండ్రిని పెట్టుకోవడం వల్ల ఆ గొడవ చాలావరకు తీరింది, ఎందుకంటే రెండు ఊళ్లకూ అదే వాతావరణం, అదే ధరలు. అక్కడ మెక్‌క్లెలాండ్‌కు మార్కులు వేయాల్సిందే. రెండోది నన్ను వదలదు. దుకాణం కట్టేసి హైదరాబాద్ వెళ్లి రోజుల తరబడి క్లాసులో కూర్చోవడానికి ఏ వ్యాపారి ఒప్పుకుంటాడు? ముందే ఏదో చేద్దామని కాళ్లు నిలవనివాడు. అతను తర్వాత కొత్త రైసుమిల్లు పెడితే ఘనత శిక్షణదా, అతనిదా? మూడోది, శిక్షణ మనసులో తపన పెంచిందా, లేక ఒకే ఊరి వ్యాపారులు కొన్నాళ్లు కలిసి ఉండడం వల్ల పరిచయాలు పెరిగి వ్యాపారం పెరిగిందా? ఊరు మొత్తాన్ని ఎంచుకున్నప్పుడు ఈ రెండూ విడదీయడం కష్టం.

ప్రయోగం చెడ్డదని కాదు నేననేది. ఆ కాలానికి అంత శ్రద్ధగా చేసినవి అరుదు. కానీ పాఠ్యపుస్తకాల్లో "నిరూపించారు" అని ఒక్క ముక్కలో రాసేస్తారు చూడండి, అది చదివితే నాకు కడుపులో తిప్పుతుంది.

కాకినాడ_కాజా:
రెండోదానికి జవాబు ఉంది. శిక్షణకు ముందు వాళ్లు ఎంత చురుగ్గా ఉన్నారో కూడా లెక్క తీశారు. ముందూ తర్వాతా రెండూ పోల్చారు. మూడోదానికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటాను.

విశాఖ_అల:
ఇది చదువుతుంటే మెథడాలజీ క్లాసులో నిద్ర ఎందుకొచ్చిందో అర్థం కావట్లేదు. ఒక సందేహం. కాంప్‌బెల్ లా అని ఒకటి విన్నాను, అంకెను లక్ష్యంగా పెడితే అంకే చెడిపోతుందని. అది ఈయనదేనా?

లెక్కల_మాస్టారు:
ఆ లా ఎవరిదైనా దాన్ని మనకు ఇంకొకరు చెప్పక్కర్లేదమ్మా. ఇంటర్ రిజల్ట్స్ రోజు టీవీలో "ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు" అని యాడ్స్ వస్తాయి. ర్యాంకులు కొనుక్కున్న పిల్లలు, ఒకే ర్యాంకు రెండు కాలేజీల ఫ్లెక్సీల మీద. పిల్లలకి ఏం వచ్చో ఆ అంకె చెప్పడం ఎప్పుడో మానేసింది.

మిడ్‌వెస్ట్_తెలుగు:
ఆయనదే, 1976 వ్యాసంలో ఉంది. సామాజిక నిర్ణయాలకు ఒక అంకెను ఎంత ఎక్కువగా వాడితే ఆ అంకెను అంత ఎక్కువగా చెడగొట్టే ఒత్తిళ్లు పుడతాయి, అది కొలవాల్సిన పని కూడా వక్రిస్తుంది, అని దాని సారం. పరీక్ష మార్కులు, పోలీసుల నేరాల లెక్కలు ఆయన ఇచ్చిన ఉదాహరణల్లోనే ఉన్నాయి.

కానీ మాస్టారూ, దీనికి ఎదురు ఉదాహరణ మన ఆంధ్రప్రదేశ్ నుంచే ఉంది. 2005 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వ గ్రామీణ బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక పెద్ద అధ్యయనం చేశారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్. ఏ బడికి బోనస్ పథకం, ఏ బడికి కాదు అన్నది లాటరీలాగా తేల్చారు. రెండేళ్లకి బోనస్ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 స్టాండర్డ్ డీవియేషన్ల (మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేర ముందున్నారు. బట్టీ పట్టించారేమో అని అనుమానం వస్తుంది కదా, అందుకే మామూలు ప్రశ్నలతో పాటు అర్థం చేసుకుంటేనే రాయగల ప్రశ్నలూ పెట్టారు. రెండింటిలోనూ పెరిగింది. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా పెరిగింది. ఎకనామిస్టులు చేసిన పనే, అయినా ఆ ప్రశ్నాపత్రం తయారీలో కాంప్‌బెల్ భయం కనిపిస్తుంది.

లెక్కల_మాస్టారు:
రెండేళ్ల సంగతి వేరు సార్. అది ఇరవై ఏళ్లు నడిస్తే, ప్రమోషన్లూ బదిలీలూ దాని మీదే ఆధారపడితే, అప్పుడు చూడాలి. మా వాళ్ల తెలివితేటలు నాకు తెలుసు.

మిడ్‌వెస్ట్_తెలుగు:
ఒప్పుకుంటాను. ప్రయోగంలో ఉన్న పథకం, జీవోగా మారిన పథకం ఒకటి కావు.

బేస్‌లైన్_బాధితుడు:
అల గారికి జీతం, జీవితం గురించి ఎవరూ చెప్పలేదు. నేను చెబుతాను.

మన దేశంలో ఈ పని కొత్తది కాదు. 1952లోనే ప్లానింగ్ కమిషన్ కింద ప్రోగ్రామ్ ఎవాల్యుయేషన్ ఆర్గనైజేషన్ పెట్టారు, కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పథకాలను పరిశీలించడానికి. అమెరికాలో ఇది వృత్తిగా మారడానికి చాలా ముందు. 2015లో అది నీతి ఆయోగ్ కింద పథకాల పర్యవేక్షణ, మూల్యాంకనం చూసే డీఎంఈఓలో కలిసింది. హైదరాబాద్‌లోనే గ్రామీణాభివృద్ధి సంస్థ ఎన్ఐఆర్‌డీ ఉంది, ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ సెస్ ఉంది. పోషకాహారం వైపైతే జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్ ఉంది. 1987-90లో ఎన్ఐఎన్ వాళ్లు హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో చేసిన పని చూడండి. ఐసీడీఎస్ (అంగన్‌వాడీల పథకం) అదనపు ఆహారం అందుతున్న ఊళ్లు 15, ఇంకా అందని పక్క ఊళ్లు 14. ఆ పిల్లలు పెద్దయ్యాక కూడా వాళ్లను వెతికి పరీక్షలు చేశారు. పథకం అన్ని ఊళ్లకూ ఒకేసారి చేరలేకపోవడాన్నే పోలికగా మార్చుకున్నారు. కాంప్‌బెల్ చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

కష్టాల సంగతి. పని టెండర్ల మీద వస్తుంది. పథకం మొదలై రెండేళ్లయ్యాక "ఇంపాక్ట్ చూడండి" అని టీవోఆర్ (ఏం చేయాలో చెప్పే కాగితం) పంపుతారు, అప్పటికి బేస్‌లైన్ ఉండదు. నాకు తెలిసిన ఒక ఆఫీసులో ఫలితం బాగాలేదని ఆరు పేజీల అధ్యాయాన్ని "పరిమితులు" అనే ఒక్క పేరాలో కుక్కమన్నారు. కాంప్‌బెల్ 1969 వ్యాసంలో ఈ అధికారి గురించి రాశాడు, వలలో చిక్కుకున్న అధికారి అని. పథకం గొప్పదని ముందే చాటేశాడు కాబట్టి ఓడిపోయే వీలు లేదు, అందుకే నిజమైన లెక్క అతనికి ప్రమాదం. దీనికి బదులు సమస్య తీరేదాకా ప్రయత్నిస్తాను, ఈ పథకం పనిచేయకపోతే ఇంకోటి చూస్తాను అనే అధికారి కావాలన్నాడు. అలాంటివాళ్లు ఉన్నారు. తక్కువ.

ఊరికే_చదువరి:
మరి ఆయన మాట అందరూ విన్నారా?

మిడ్‌వెస్ట్_తెలుగు:
వినలేదు, కొట్లాడారు కూడా. హెడ్ స్టార్ట్ మీద 1969లో వచ్చిన వెస్టింగ్‌హౌస్ రిపోర్టు, వేసవి శిక్షణతో పిల్లలకు పెద్దగా మిగిలిందేమీ లేదంది. కాంప్‌బెల్, ఎర్లిబాకర్ మరుసటి ఏడాదే దాన్ని తప్పుబట్టారు. హెడ్ స్టార్ట్ పిల్లలు మొదటినుంచీ మరింత పేదవాళ్లు, వాళ్లకు జోడీగా తెచ్చిన పిల్లలు కాస్త మెరుగైన వర్గం నుంచి వచ్చారు, అలా జోడీ కడితే పథకం నిజంగా పనిచేసినా హాని చేసినట్టు కనిపించగలదు, అని. మాస్టారు చెప్పిన యూనిట్ టెస్టు మాయే ఇక్కడ తిరగబడింది.

ఇటు స్టాన్‌ఫర్డ్‌లో క్రాన్‌బాక్, ఆయనా సైకాలజిస్టే. ఒక్కచోట కచ్చితంగా తేల్చే ప్రయోగం కన్నా ఎన్నో చోట్ల ఏం జరుగుతోందో తెలిపే సమాచారమే పాలకులకు పనికొస్తుందని 1980లో తన బృందంతో కలిసి 95 సూత్రాలు రాసి మరీ వాదించాడు. నాకైతే వయసు పెరిగేకొద్దీ క్రాన్‌బాక్ వైపు మొగ్గు కలుగుతోంది. కాంప్‌బెల్ కూడా చివర్లో ఊరి మనుషుల స్థానిక జ్ఞానానికి, కేస్ స్టడీలకు మొదట్లో కన్నా ఎక్కువ చోటిచ్చాడు.

పీహెచ్‌డీ అంటారా, సైకాలజీ విభాగంలోనే ఎవాల్యుయేషన్ చదవాలంటే క్లేర్‌మాంట్ గ్రాడ్యుయేట్ యూనివర్సిటీ చూడండి. వెస్టర్న్ మిషిగన్‌లో దీనికే ప్రత్యేకంగా ఒక కోర్సు ఉంది. ఫండింగ్ రాకుండా మాత్రం వెళ్లొద్దు, అప్పుతో చేసే చదువు కాదిది.

విశాఖ_అల:
అందరికీ చాలా థాంక్స్. పీహెచ్‌డీ సంగతి తర్వాత, ముందు ఎం.ఏ. డిజర్టేషన్‌కి ఒక ఆలోచన వచ్చింది. 1960లో థిసిల్‌త్‌వెయిట్, కాంప్‌బెల్ అమెరికాలో నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్షలో కటాఫ్‌కి కాస్త పైన, కాస్త కింద ఉన్న విద్యార్థులను పోల్చారు కదా. మనకు ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకు, ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000. ఒక్క మార్కుతో పోయినవాళ్లకీ, ఒక్క మార్కుతో వచ్చినవాళ్లకీ తర్వాత చదువు మీద ఆశ ఎలా మారిందో చూడొచ్చా?

లెక్కల_మాస్టారు:
మంచి ఆలోచన. కానీ కటాఫ్ ఒకటే ఉండదమ్మా. రిజర్వేషన్ కోటాలను బట్టి మారుతుంది. ప్రతి కోటాకీ గీత వేరుగా గీసుకోవాలి.

బేస్‌లైన్_బాధితుడు:
ఇంకోటి. ఎంపికైనా బ్యాంకు ఖాతా, రిజిస్ట్రేషన్ తంటాల వల్ల డబ్బు అందనివాళ్లుంటారు. గీత దాటినవాళ్లందరినీ డబ్బు అందినట్టు లెక్కేస్తే ఫలితం పల్చబడుతుంది. "ఎంపికయ్యావా", "ఖాతాలో పడిందా" అని రెండు ప్రశ్నలు విడిగా పెట్టండి. ఆశ కొలిచే స్కేలు ఏది వాడతారో ముందు ఇక్కడ పెట్టండి, తొమ్మిదో తరగతి పిల్లలకి అర్థమవుతుందో లేదో చూద్దాం. ఐదు గళ్లది మాత్రం తేవొద్దు.

లెక్కల_మాస్టారు:
పిల్లల దగ్గరకి వెళ్లేటప్పుడు హెడ్మాస్టరుని గదిలోంచి పంపించేయండి. మర్యాదగానే.